హాఫ్‌టైమ్‌లో చాయ్ తాగిన రిఫరీ

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. బాస్కెట్‌బాల్ రిఫరీగా మొదటి నాలుగేళ్ళూ హాఫ్‌టైమ్ అంటే ఆటగాళ్ళకి నీళ్ళు, రిఫరీకి చాయ్ అనుకునేవాణ్ణి. విజిల్ నోట్లో ఉన్నంతసేపే నేను రిఫరీని. తీసి జేబులో వేసుకుంటే మామూలు పీటీ మాస్టర్ని. ఆ పది నిమిషాల్లో కోర్టు మీద ఏం జరిగినా దానికీ నాకూ సంబంధం లేదు. రూల్సు పుస్తకం మూడుసార్లు చదివాను. రిఫరీ అధికారం కోర్టులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆట ముగిసిందని తేల్చేదాకా ఉంటుందన్న వాక్యం మూడుసార్లూ కళ్ళ ముందునుంచే వెళ్ళింది. బహుశా ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి చాయ్ వచ్చి ఉంటుంది.

ఇప్పుడు విజిల్ పట్టుకుంటున్న పిల్లలు "మాస్టర్జీ, కుఛ్ టిప్స్ దీజియే" అని అడుగుతున్నారు. ప్రమోషన్లూ, సర్టిఫికెట్లూ, నేను ఈ దీవి దాటి మెయిన్‌ల్యాండ్‌లో ఏ పరీక్ష పాసయ్యానూ అన్నవి ఎవరికీ పనికిరావు. పనికొచ్చేది ఒకటే ఉంది, విరామంలో జరిగే గొడవ. ఆట నడుస్తుండగా జరిగే గొడవకి బంతి కారణం. విరామంలో గొడవకి మనుషులే కారణం. అందుకే అది కష్టం.

కోర్టు, బెంచీ, డ్రమ్ము

మాదీ కోర్టే. బెంచీలు కూడా ఉంటాయి, రెండు. లాయర్లు లేరు గానీ వాదించేవాళ్ళకి లోటు లేదు. ఒక్కటే తేడా, మా కోర్టులో వాయిదాలు దొరకవు. ఈల వేసిన క్షణంలో తీర్పు చెప్పాలి. సాక్షివీ నువ్వే, జడ్జివీ నువ్వే.

మిడిల్ పాయింట్ దగ్గర నేను పనిచేసిన బడి వెనకాల ఉండేది ఆ సిమెంటు కోర్టు. ఎండాకాలం పోర్ట్‌బ్లెయిర్‌లో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, వానలు ఆలస్యమైతే మూడు రోజులకోసారి. అందుకని మ్యాచ్‌కి ఒకటే ఇనప డ్రమ్ము, ఒకటే మగ్గు. రెండు జట్లూ హాఫ్‌టైమ్‌లో ఆ డ్రమ్ము దగ్గరికే రావాలి. ఇరవై నిమిషాలు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నవాళ్ళు, ఒళ్ళంతా చెమటతో, ఒకే మగ్గు కోసం వరస కట్టాలి. ఇంతకంటే బాగా గొడవకి ఏర్పాట్లు చేయమంటే నాకు చేతకాదు. అయినా ఇన్నేళ్ళలో ఎవరికీ రెండో డ్రమ్ము పెట్టాలని తోచలేదు. నాకూ తోచలేదు, నాకు చాయ్ వచ్చేది కదా.

ఆ ఏడాది ద్వీపాల జట్టుని ఎంపిక చేసే ఆఖరి మ్యాచ్ ఇక్కడే పెట్టారు. ఒక పక్క డిగ్నాబాద్ కుర్రాళ్ళు. సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళ ఇళ్ళ పిల్లలు, పొద్దున డోంగీలో వేటకెళ్ళి సాయంత్రం బంతి పట్టేవాళ్ళు. రెండో పక్క ఒక ఆఫీసు జట్టు. ఏ ఆఫీసో చెప్పను, ఇప్పటికీ నాకు అక్కడ పనులుంటాయి. వాళ్ళ మేనేజరు వర్మ సాబ్. తెల్ల చొక్కా, పెద్ద గొంతు, ఏది చెప్పినా "నా కళ్ళారా చూశాను" అని మొదలుపెట్టే మనిషి.

డిగ్నాబాద్ జట్టులో నూకరాజు అని ఇరవై రెండేళ్ళవాడు. వల లాగిన చేతులు, బంతి పట్టుకుంటే ఊడబెరకడం ఎవరివల్లా అయ్యేది కాదు. వాడి పేరు జాబితాలో రాసే ఉంచారని అందరికీ తెలుసు. మూడో రోజు జహాజ్. ఓడ దిగితే మద్రాసు, అక్కణ్ణుంచి జాతీయ పోటీలు. అక్కడ బాగా ఆడినవాళ్ళకి హార్బర్లో ఉద్యోగాలు దొరికిన రోజులవి. వాళ్ళ నాన్న ఊపిరితిత్తులు పాడై వేట మానేశాడు. ఆ ఇంటికి ఆ జహాజ్ అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

సమోసా

హాఫ్‌టైమ్ ఈల వేశాను. వర్మ సాబ్ నా భుజం మీద చెయ్యేశాడు.

"ఆయియే మాస్టర్జీ, గరం చాయ్. సమోసా భీ హై."

స్టాఫ్ రూములోకి వెళ్ళాం. నాతోపాటు ఈల వేస్తున్న సీనియర్ రిఫరీ బషీర్ భాయ్ స్కోరుషీట్ సరిచూసుకుంటూ బల్ల దగ్గర ఉండిపోయాడు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, హాఫ్‌టైమ్‌లో నీళ్ళు కూడా తాగేవాడు కాదు. నేను అది ఉపవాసమనుకునేవాణ్ణి.

వర్మ సాబ్ స్వయంగా కప్పులో చాయ్ పోస్తున్నాడు. నేను సమోసా కొరికాను. అప్పుడు వినబడ్డాయి కేకలు, డ్రమ్ము మీద ఏదో ఠంగుమన్న చప్పుడు. ఇద్దరం పరిగెత్తాం. విజిల్ వేద్దామని నోటి దగ్గర పెట్టుకున్నాను గానీ నోట్లో సమోసా ఉంది. కాలుతున్న బంగాళాదుంప మింగలేను, ఉమ్మలేను, ఈల వేయలేను. ప్రపంచంలో ఏ రిఫరీకీ ఈ కారణంగా ఈల ఆలస్యమై ఉండదు.

మేం వెళ్ళేసరికి బషీర్ భాయ్ రెండు జట్లనీ విడదీస్తున్నాడు. ఆఫీసు జట్టు కెప్టెన్ నేలమీద కూర్చుని ఉన్నాడు, పెదవి చీలి రక్తం. ఎవరో తువ్వాలు నొక్కిపట్టి, లేపి ఆసుపత్రికి తీసుకుపోయారు. డ్రమ్ము పక్కన నూకరాజు. చేతిలో మగ్గు.

"ఇసీ నే మారా! మగ్గుతో కొట్టాడు. నా కళ్ళారా చూశాను!" అన్నాడు వర్మ సాబ్.

నేను నూకరాజుని ఆట నుంచి బయటికి పంపాను. వాడు అరవలేదు, తిట్టలేదు. నా మొహంలోకి చూశాడు.

"మాస్టారూ, మీరు సూసినారా?"

పది మంది చుట్టూ ఉన్నారు. మీసం మీద సమోసా పొడి ఉంది. "చూశాను" అన్నాను.

నా పేరు సత్యం. ఆ పేరు పెట్టిన మా తాత బతికి ఉంటే ఆరోజే మార్చేసేవాడు. రిపోర్టులో కూడా అదే రాశాను, కళ్ళారా చూసినట్టు. షీటు మీద ఫౌల్ నూకరాజుది, ఫూల్ని నేను. ఎంపిక కమిటీ ఏడాది నిషేధం వేసింది. మూడో రోజు జహాజ్ వాడు లేకుండానే వెళ్ళింది.

బషీర్ భాయ్ అడిగిన ప్రశ్న

వారం తర్వాత బషీర్ భాయ్ నన్ను ఆ డ్రమ్ము దగ్గరే కూర్చోబెట్టాడు. ఆయన తెలుగు మా ఇళ్ళమధ్య నేర్చుకున్నది, ఉర్దూ దానికి అడుగడుక్కీ అడ్డం వచ్చేది.

"సత్యం, సచ్ బోల్. ఎవరు చూశారు?"

"వర్మ సాబ్ చూశాడు భాయ్."

"వర్మ ఎక్కడున్నాడు అప్పుడు?"

"నా దగ్గరే. చాయ్ పోస్తూ..."

అక్కడ ఆగాను. ఇప్పటికీ ఆ వాక్యం పూర్తి చేయలేదు.

"అచ్ఛా," అన్నాడు బషీర్ భాయ్ నెమ్మదిగా. "అంటే చూసింది సమోసా అన్నమాట."

నవ్వలేదు ఆయన. నవ్వి ఉంటే బాగుండేది.

తర్వాత ఇద్దరం కెప్టెన్ ఇంటికి వెళ్ళాం. నాలుగు కుట్లు పడ్డ పెదవితో బయటికొచ్చాడు. మగ్గు కోసం తోసుకున్న మాట నిజమేనన్నాడు, పక్కకి అడుగేశాడు, తడి సిమెంటు మీద జారి ముందుకు తూలాడు, డ్రమ్ము అంచు మూతికి తగిలింది. మగ్గు కింద పడితే నూకరాజు తీశాడు, నీళ్ళిద్దామని. "మరి చెప్పలేదేం?" అని అడిగాను. "నన్నెవరూ అడగలేదు మాస్టర్జీ" అన్నాడు.

కొత్తవాళ్ళకి ఇక్కడ ఒక మాట. రక్తం వచ్చినవాణ్ణి ముందు అడగండి. గట్టిగా అరిచినవాణ్ణి ఆఖర్న అడగండి. మీరు చూడకపోతే చూడలేదనండి. ఆ మాటకి మహా అయితే గుంపు నవ్వుతుంది. చూశానన్నందుకు ఎవడో ఏడుస్తాడు.

వర్మ సాబ్‌ని నేను తప్పు పట్టను. ఆ చాయ్ కావాలని పోశాడో, మర్యాదకి పోశాడో ఈరోజుకీ తెలీదు. తన జట్టు గెలవాలనుకున్నాడు, అది మేనేజరు పని. చూడ్డం నా పని.

డిగ్నాబాద్ వెళ్ళాను. నూకరాజు గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ కత్తిపీట ముందు చేపల పొలుసు తీస్తోంది.

"నేను చూడలేదని రాసిస్తాను నూకరాజూ," అన్నాను.

వాడు దారం పళ్ళతో తెంపాడు. "రాసిస్తే జహాజ్ ఎనక్కి తిరుగుద్దేటి మాస్టారూ?"

"తిరగదు."

"మరేటి రాస్తారు?"

అప్పలనరసమ్మ తలెత్తకుండానే అంది: "రాయనీరా. ఆయనకైనా కంటిమీద కునుకుండాల గదా."

రాశాను. 'నేను చూడలేదు' అని రెండే మాటల తెలుగు, దాన్ని ఇంగ్లీషులో రాయడానికి అరపేజీ పట్టింది. కమిటీ నూకరాజు నిషేధం ఎత్తేసి, అందులోంచి మూడు నెలలు తీసి నాకు ఇచ్చింది. ఈల పట్టకుండా బడి పిల్లలచేత డ్రిల్లు చేయించుకుంటూ గడిపాను. బషీర్ భాయ్ మాత్రం ప్రతి మ్యాచ్‌కీ రమ్మనేవాడు. "ఆట చూడకు, బెంచీ చూడు" అనేవాడు.

బెంచీ చదవడం

ఆ మూడు నెలల్లో నేర్చుకున్నదే తర్వాత ముప్పై ఏళ్ళు తిండి పెట్టింది.

గొడవ మొదలుపెట్టేది ఇద్దరు. దాన్ని గొడవగా చేసేది బెంచీ మీంచి లేచేవాళ్ళు. అందుకే ఇద్దరు రిఫరీల్లో ఒకడు కొట్టుకునేవాళ్ళ మధ్యకి వెళ్తే, రెండోవాడు వాళ్ళకి వీపు పెట్టి బెంచీల వైపు తిరగాలి. కూర్చున్నవాళ్ళని కూర్చోనిస్తే సగం గొడవ అయిపోయినట్టే. లేచి గీత దాటినవాణ్ణి ఊరికే వదలకూడదు, ఆపడానికే లేచానని చెప్పినా సరే. అందరూ ఆపడానికే లేస్తారు. ముప్పై ఏళ్ళలో కొట్టడానికి లేచానన్నవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

ఎవరు లేస్తారో ముందే తెలుస్తుంది. బూట్ల లేసులు బిగిస్తున్నవాడు లేవడు, వాడికి ఆట మీద ధ్యాస. తువ్వాలు మెలిపెడుతున్నవాడు లేస్తాడు. అస్సలు మాట్లాడని కోచ్ కంటే నవ్వుతూ మాట్లాడే కోచ్‌ని కనిపెట్టి ఉండాలి. ఒక మలయాళీ కోచ్ రెండు సీజన్లపాటు నా వైపు చూసి నవ్వుతూ ఏదో అనేవాడు, మెచ్చుకుంటున్నాడనుకుని నేనూ తలూపేవాణ్ణి. మూడో ఏట ఒకడు అర్థం చెప్పాడు. అప్పట్నుంచి పట్టుబట్టి ఐదు భాషల్లో తిట్లు నేర్చుకున్నాను. ఈ ఊళ్ళో రిఫరీకి రూల్సు పుస్తకం ఒక్కటీ చాలదు.

రెండు బకెట్లు

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, మళ్ళీ ఎంపిక మ్యాచ్, అవే రెండు జట్లు. నూకరాజు ఆడుతున్నాడు. నేను ఈల పట్టుకుంటే ఆడనన్నాడని విన్నాను. మరి ఎందుకొచ్చాడో అప్పుడు తెలీలేదు. తర్వాత చెప్పాడు, వాళ్ళమ్మ పంపిందట. "ఈసారి ఆయన జాగ్రత్తగా ఉంటాడ్రా, తప్పు సేసినోడు గదా" అందట.

ఈసారి ఇంటినుంచి రెండు బకెట్లు, రెండు మగ్గులు తెచ్చాను. "కుళాయి రేపటిదాకా రాదు, ఊళ్ళో ఆటగాళ్ళ దాహం మీరే తీరుస్తారా?" అని మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. సగం నీళ్ళకి ఒప్పించాను. ఒక్కో బెంచీ దగ్గర ఒక్కో బకెట్ పెట్టి, హాఫ్‌టైమ్‌లో ఎవరూ మధ్య గీత దాటకూడదని మ్యాచ్‌కి ముందే ఇద్దరు మేనేజర్లకీ చెప్పాను.

హాఫ్‌టైమ్ ఈల. వర్మ సాబ్ స్టాఫ్ రూము వైపు చెయ్యి చూపించాడు. "మాస్టర్జీ, చాయ్?"

"షుక్రియా సాబ్. ఇక్కడే ఉంటాను."

బంతి చంకలో పెట్టుకుని మధ్య గీత మీద నిలబడ్డాను. బషీర్ భాయ్ ఆఫీసు బెంచీ వైపు. ఆరు నిమిషాలు గడిచాయి. అప్పుడు వర్మ సాబ్ లేచి, కాలక్షేపానికి నడుస్తున్నట్టు గీత దాటి, డిగ్నాబాద్ బకెట్ దగ్గరికి వచ్చాడు. నేనూ వెనకే వెళ్ళి రెండడుగుల దూరంలో ఆగాను. నూకరాజు మగ్గుతో నీళ్ళు ముంచుకుంటున్నాడు.

"దేఖో దేఖో! మళ్ళీ మగ్గు పట్టాడు. ఈసారి ఎవరి మూతి పగలగొడతావురా?"

నూకరాజు వేళ్ళు మగ్గు మీద బిగుసుకోవడం చూశాను. వెనక బెంచీ మీద తువ్వాలు మెలిపెడుతున్నవాడు లేవబోతున్నాడు. వాడు లేస్తే ఏడుగురు లేస్తారు. ఏడుగురు లేస్తే రేపటి జాబితాలో ఒక్క పేరూ ఉండదు. నూకరాజు పేరు అందరికంటే ముందు పోతుంది. ఈసారి నిజంగానే కొడతాడు గనక, నేను ఏ కాగితం రాసినా దాన్ని వెనక్కి తేలేను.

బెంచీ వైపు అరచెయ్యి చూపించి "కూర్చోండి" అన్నాను, గట్టిగా కాదు. వర్మ సాబ్‌కీ నూకరాజుకీ మధ్యలో నిలబడ్డాను. అటు బషీర్ భాయ్ గొంతు వినబడింది, "బైఠే రహో సబ్."

నూకరాజుకి మాత్రమే వినబడేలా చెప్పాను: "నేను ఇక్కడే ఉన్నానురా. అంతా చూశాను. నువ్వు కూర్చో."

వాడు నన్ను చూసిన చూపు ఏడాది కిందటిదే. తర్వాత మగ్గులో నీళ్ళు తాగేసి, దాన్ని బకెట్లో జారవిడిచి, వెళ్ళి కూర్చున్నాడు. తువ్వాలు మెలిపెడుతున్నవాడి తొడ మీద చెయ్యి వేసి, "ఉండరా, మాస్టారు సూస్తన్నారు" అన్నాడు.

అప్పుడు వేశాను ఈల. నోరు ఖాళీగా ఉంటే ఎంత బాగా మోగుతుందో ఆరోజు తెలిసింది. వర్మ సాబ్ మీద టెక్నికల్ ఫౌల్, ఆటకి కాదు, ప్రవర్తనకి పడేది.

"విరామంలో ఫౌలా? ఆటే లేదు కదా! ఏం చూశావయ్యా నువ్వు?"

"అంతా చూశాను సాబ్. ఈసారి నా చేతిలో కప్పు లేదు."

రెండో సగానికి ముందు ఆ ఫౌల్‌కి దక్కిన ఫ్రీత్రోలు నూకరాజే వేశాడు. ఒకటి పడింది, ఒకటి పోయింది. ఆ మ్యాచ్ డిగ్నాబాద్ మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది కూడా. కానీ జాబితాలో పేరు నిలిచింది. జహాజ్ కదిలే రోజు జెట్టీ మీద అప్పలనరసమ్మ కొడుక్కి ఎండుచేపల పొట్లం ఇచ్చి, నాకూ ఒకటి ఇచ్చింది. "మీరు ఎక్కట్లేదు గదా బాబూ, ఇంటికాడ తినండి" అంది. అన్ని మెడల్స్‌లోకీ నేను దాచుకోలేకపోయింది అదొక్కటే, తినేశాం.

ఆఖరి చాయ్

నూకరాజుకి హార్బర్లో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళు పట్టింది గానీ వచ్చింది. ఇప్పుడు సాయంత్రాలు డాలీగంజ్‌లో ఆడపిల్లల జట్టుకి కోచ్. అతని బెంచీ మీద ఒక్క పిల్లా తువ్వాలు మెలిపెట్టదు. రెండు బకెట్ల పద్ధతి ఊళ్ళో అన్ని కోర్టులకీ పాకింది. దానికి కారణం నేనని చెప్పుకుంటాను. మా ఆవిడ బకెట్లు తనవంటుంది.

నేను రిటైరయినప్పుడు ఆ సిమెంటు కోర్టు మీదే సభ పెట్టారు. బషీర్ భాయ్ మొదటి వరసలో కుర్చీలో, ఎప్పటిలాగే ఏమీ తాగకుండా. మైకు నూకరాజు చేతిలో. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? వర్మ సాబ్. జుట్టు తెల్లబడింది, చొక్కా అంతే తెలుపు, గొంతు అంతే పెద్దది. ఈ ముప్పై ఏళ్ళలో మేం స్నేహితులమయ్యాం, ఒకే వీధిలో ఉంటాం. అయినా వేదిక మీద నా పక్కన కూర్చుని, "నీ గురించి నా కళ్ళారా చూసినవన్నీ చెప్తాను చూడు" అనేసరికి నాలో ఏదో పాతది కదిలింది.

పళ్ళెంలోంచి బాగా వేడిగా ఉన్న సమోసా ఏరి ఆయన చేతిలో పెట్టాను. "ముందు ఇది తినండి సాబ్. మీ వంతు రావడానికి ఇంకా టైముంది."

ఆయన సగానికి కొరికాడు. నేను నూకరాజు వైపు చూసి చిన్నగా తలూపాను. నూకరాజు ఆయన్ని చూశాడు, సమోసాని చూశాడు, నన్ను చూశాడు. వాడికి ఎవరూ ఏమీ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"ఇప్పుడు మన వర్మ సాబ్ మాట్లాడతారు!"

చప్పట్లు. వర్మ సాబ్ లేచి మైకు ముందు నిలబడ్డాడు, బుగ్గ ఉబ్బి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ. మింగలేడు, ఉమ్మలేడు, మాట్లాడలేడు. మొదటి వరసలో బషీర్ భాయ్ భుజాలు ఊగడం మొదలైంది.

నేను లేచి ఒక అరచేతి కింద రెండో చేతి వేలు పెట్టి, సభకంతా కనబడేలా టైమ్‌అవుట్ గుర్తు చూపించాను.

"తొందరేం లేదు సాబ్," అన్నాను. "నిదానంగా నమలండి. మీరేం చూశారని ఇక్కడ ఎవరూ అడగరు."

ఆయన నమిలినంతసేపూ నేను కూర్చుని నా చాయ్ తీరిగ్గా తాగాను. నూకరాజుని బయటికి పంపిన ఆ రోజు తర్వాత విరామంలో నేను తాగిన మొదటి చాయ్ అది.